ఒకే గుర్రం, అదే పది డాలర్లు, నలుగురికి నాలుగు లెక్కలు: మెల్‌బోర్న్ రేసుల సీజన్‌లో పందెం డబ్బు ఎలా తిరుగుతుంది

నవంబర్ మొదటి మంగళవారం. మెల్‌బోర్న్‌లోని ఫ్లెమింగ్టన్ రేస్‌కోర్సులో మెల్‌బోర్న్ కప్ కోసం గుర్రాలు 3,200 మీటర్లు పరిగెత్తాయి. నలుగురు స్నేహితులు ఒకే గుర్రం మీద తలా పది డాలర్లు కాశారు, ఆ గుర్రమే గెలిచింది. అందరూ ఎగిరి గంతేశారు. తీరా ఫోన్లు తెరిచి చూసుకుంటే రవికి 150 డాలర్లు పడ్డాయి, ఇమ్రాన్‌కు 110 డాలర్ల 40 సెంట్లు, సుమకు 85, లతకు 73. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు, ఏ యాప్‌లోనూ తప్పు దొర్లలేదు.

మనుషులు నేను కల్పించినవాళ్ళే, అంకెలూ ఉదాహరణకు వేసినవే. కానీ ఈ నాలుగు అంకెలు ఎందుకు వేరయ్యాయో తెలిస్తే ఆస్ట్రేలియా గుర్రప్పందేల లెక్క ముప్పావు వంతు అర్థమైనట్టే. మిగతా పావు వంతే అసలు తలనొప్పి, అక్కడికీ వద్దాం.

## కార్నివాల్ అంటే జాతర కాదు, క్యాలెండర్

ఆస్ట్రేలియాలో రేసులు ఏడాది పొడవునా జరుగుతూనే ఉంటాయి. పెద్ద ప్రైజ్ మనీ ఉన్న రేసులన్నీ కొన్ని వారాల్లోకి గుదిగుచ్చినప్పుడు దాన్ని కార్నివాల్ అంటారు. అక్కడ వసంతం సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా. మెల్‌బోర్న్ స్ప్రింగ్ కార్నివాల్‌లో అక్టోబర్‌లో కాల్‌ఫీల్డ్ కప్ (2,400 మీటర్లు), ఆ తర్వాత కాక్స్ ప్లేట్ (2,040 మీటర్లు), ఆపైన ఫ్లెమింగ్టన్‌లో నాలుగు రోజుల పండగ: శనివారం డెర్బీ డే, మంగళవారం మెల్‌బోర్న్ కప్, గురువారం ఓక్స్ డే, మళ్ళీ శనివారం ఆఖరి రోజు. కప్ మొదటిసారి 1861లో జరిగింది, ఆర్చర్ అనే గుర్రం గెలిచింది. ఇప్పుడు కప్ రోజున మెల్‌బోర్న్ నగరానికి ప్రభుత్వ సెలవు. 2003లో ఆ ఒక్క రోజు రేస్‌కోర్సులోకి వచ్చినవాళ్ళు 1,22,736 మంది.

పరిగెత్తేవి థరోబ్రెడ్ గుర్రాలు. థరోబ్రెడ్ అంటే ఏదో మంచి జాతి గుర్రం అని కాదు, అది ఒక జాతి పేరు. మూడు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండ్‌కు తెచ్చిన బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే మూడు పోతుగుర్రాల దగ్గరికి వీటి తండ్రుల వరస చేరుతుంది. ఇంకో తమాషా ఏమిటంటే, దక్షిణార్ధగోళంలో ఈ గుర్రాలన్నిటికీ అధికారికంగా పుట్టినరోజు ఒకటే, ఆగస్టు 1. ఉత్తరార్ధగోళంలోనైతే జనవరి 1. కప్పుకు యూరప్ నుంచి, జపాన్ నుంచి గుర్రాలు వచ్చినప్పుడు వాటి వయసు దగ్గరే లెక్క మొదలవుతుందన్నమాట.

పందెం కాసేవాళ్ళకు ఈ సీజన్ మామూలు శనివారం రేసులాంటిది కాదు. ఏడాదికోసారి మాత్రమే పందెం కాసే జనం ఒక్కసారిగా దిగుతారు. అంతకుముందు ఒకదానితో ఒకటి ఎప్పుడూ పోటీపడని గుర్రాలు ఒకే గీత దగ్గర నిలబడతాయి. 1993లో ఐర్లండ్ నుంచి వచ్చిన వింటేజ్ క్రాప్ కప్ గెలిచినప్పటి నుంచి ఇది మరీ ఎక్కువైంది. ఇక కప్‌లో 24 గుర్రాలు పరిగెత్తడమే ఒక సమస్య, అది బుకీ లెక్క దగ్గర చూద్దాం.

## సుమకు 85 ఎందుకు వచ్చాయి: టోట్

సుమ టోట్‌లో కాసింది. టోట్‌లో బుకీ అంటూ ఎవరూ ఉండరు. ఒక రేసు మీద జనం కాసిన డబ్బంతా ఒక కుండలో పోస్తారు, నడిపే సంస్థ తన వాటా ముందే తీసేసుకుంటుంది, మిగిలింది గెలిచినవాళ్ళు పంచుకుంటారు. అంతే.

మన రేసులో విన్ పూల్, అంటే గెలుపు మీద కాసిన డబ్బు కుండ, 10 లక్షల డాలర్లు అనుకుందాం. 15 శాతం తీసేస్తే 8,50,000. గెలిచిన గుర్రం మీద పడిన డబ్బు లక్ష. భాగిస్తే డాలరుకు 8 డాలర్ల 50 సెంట్లు. సుమ పది కాసింది, 85 వచ్చాయి. భాగించినప్పుడు వచ్చే చిల్లర పైసల్ని కిందికి సవరిస్తారు, అదీ సంస్థకే.

సుమకు కోపం వచ్చింది ఇందుకు కాదు. రేసుకు రెండు నిమిషాల ముందు స్క్రీన్ మీద 10 డాలర్ల 30 సెంట్లు కనిపించింది, డబ్బు వచ్చేసరికి 8.50 అయింది. కారణం చిన్నదే. ఆ నిమిషానికి పూల్‌లో 8 లక్షలే ఉన్నాయి, ఆ గుర్రం మీద 66,000. కోత పోగా 6,80,000ను 66,000తో భాగిస్తే 10.30. చివరి రెండు నిమిషాల్లో ఇంకో రెండు లక్షలు వచ్చాయి, అందులో 34,000 ఇదే గుర్రం మీద పడ్డాయి. టోట్‌లో స్క్రీన్ మీద కనిపించేది ఆ క్షణంలో ఉన్న అంచనా, మాట ఇచ్చిన ధర కాదు. మనం కాసిన డబ్బే ఆ ధరను కాస్త కిందికి లాగుతుంది కూడా. కంప్యూటర్ మోడళ్ళతో భారీగా కాసే సిండికేట్లు కావాలనే చివరి క్షణం దాకా ఆగుతాయి, ముందే కాస్తే వాళ్ళ గుట్టు ధరలో బయటపడుతుంది కాబట్టి.

ఈ పద్ధతి 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో జోసెఫ్ ఓలర్ మొదలుపెట్టింది. దాన్ని యంత్రంగా చేసింది జార్జ్ జూలియస్ అనే ఇంజనీరు, 1913లో న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ దగ్గర ఎలర్స్లీ రేస్‌కోర్సులో పెట్టారు. ఆయన నిజానికి మొదట తయారుచేసింది ఓట్లు లెక్కపెట్టే యంత్రం. ఎన్నికలవాళ్ళకు అది అక్కర్లేకపోయింది, గుర్రప్పందేలవాళ్ళు తీసుకున్నారు.

## ఫిక్స్‌డ్ రేటు: బుకీ తన లాభం ఎక్కడ దాచుకుంటాడు

రవి, ఇమ్రాన్, లత ముగ్గురూ ఫిక్స్‌డ్ రేటుకు కాశారు. బుక్‌మేకర్ 12 డాలర్లు అన్నాడంటే, మనం కాసిన నిమిషానికి ఆ రేటు మన టికెట్‌కు అంటుకుపోతుంది, తర్వాత అది 6 అయినా 20 అయినా మనకు సంబంధం లేదు. ఆస్ట్రేలియాలో రేటు అన్నప్పుడు మన అసలు కూడా అందులోనే ఉంటుంది. 12 అంటే డాలరు కాస్తే 12 చేతికొస్తాయి, లాభం 11. పాత బ్రిటిష్ పద్ధతిలో దాన్నే 11కి 1 అంటారు, అందుకే పాత రికార్డులు చదివేటప్పుడు చాలామంది తికమక పడతారు.

రేటును అవకాశంగా మార్చడం సులువు, 100ను రేటుతో భాగించడమే. 4 డాలర్లు అంటే 25 శాతం, 5 అంటే 20 శాతం. ఇప్పుడు నాలుగు గుర్రాల చిన్న రేసు తీసుకోండి. రేట్లు 2.50, 3.50, 5, 6. శాతాలుగా మారిస్తే 40, 28.6, 20, 16.7. కూడండి: 105.3. నాలుగు గుర్రాల్లో ఏదో ఒకటే గెలుస్తుంది కాబట్టి నిజమైన అవకాశాలన్నీ కలిపితే సరిగ్గా 100 కావాలి. ఆ పైనున్న 5.3 బుకీ ఉప్పూ పప్పూ.

కప్ దగ్గర ఇదే లెక్క ఎలా పెరుగుతుందో చూడండి. 24 గుర్రాలూ సరిసమానమైనవే అనుకుందాం. న్యాయమైన రేటు ఒక్కోదానికి 24. బుకీ 20 ఇస్తున్నాడు, పెద్ద తేడాగా కనిపించదు, లాటరీలాంటి గుర్రానికి 20 అయితేనేం 24 అయితేనేం అనిపిస్తుంది. కానీ అన్నిటి మీదా డాలరు చొప్పున కాస్తే 24 పోతాయి, 20 తిరిగొస్తాయి. ఆరో వంతు గాయబ్! గుర్రాల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కోదాని నుంచి కాస్త కాస్త గీరుకునే చోట్లు పెరుగుతాయి. అందుకే నాలుగు గుర్రాల రేసుకంటే 24 గుర్రాల రేసులో ఈ అదనపు శాతం సాధారణంగా ఎక్కువ. కప్ రోజున కంపెనీలు పోటీపడి ఆఫర్లు గుప్పించడం ఉదారంగా కనిపిస్తుంది, కానీ ఇదీ గుర్తుంచుకోవాలి.

బోనస్ బెట్ అనే ఆఫర్ కూడా ఇక్కడే చెప్పేస్తాను. 50 డాలర్ల బోనస్ బెట్‌ను 4 డాలర్ల రేటుకు వాడి గెలిస్తే 200 రావు, 150 వస్తాయి. ఆ 50 మనది కాదు కాబట్టి అసలు తిరిగిరాదు.

మూడో దారి బెట్టింగ్ ఎక్స్చేంజ్. అక్కడ బుకీ స్థానంలో ఇంకో పందెగాడు ఉంటాడు. ఒకరు గెలుస్తుందని కాస్తారు, ఎదుటివాడు గెలవదని కాస్తాడు, ఎక్స్చేంజ్ గెలిచినవాడి లాభంలోంచి కమీషన్ తీసుకుంటుంది. రేట్లు మెరుగ్గా ఉంటాయి కానీ మన డబ్బుకు సరిపడా డబ్బు అవతలివైపు ఉండాలి.

## ఇమ్రాన్‌కు 120 రావాలి, 9 డాలర్ల 60 సెంట్లు ఎక్కడికి పోయాయి

ఇమ్రాన్ కప్ రోజు పొద్దున్నే 12 డాలర్ల రేటుకు కాశాడు. పది డాలర్లకు 120. తర్వాత మంచి పేరున్న ఒక గుర్రం రేసు నుంచి తప్పుకుంది, దీన్ని స్క్రాచింగ్ అంటారు. బలమైన పోటీదారు లేకపోతే మిగతావాటి అవకాశాలు పెరుగుతాయి కదా, మరి ఇమ్రాన్ రేటు పాతదే ఉంచితే బుకీకి నష్టం. అందుకని తప్పుకున్న గుర్రం రేటును బట్టి ముందే కాసినవాళ్ళ చెల్లింపులో డాలరుకు ఇన్ని సెంట్లని కోస్తారు. మన ఉదాహరణలో 8 సెంట్లు. 120లో 9.60 పోతే 110.40. తప్పుకున్న గుర్రం మీద కాసినవాళ్ళకు వాళ్ళ డబ్బు తిరిగొచ్చేస్తుంది. తప్పుకున్నది ఫేవరెట్ (గెలుస్తుందని ఎక్కువమంది నమ్మే, అందుకే రేటు అన్నిటికంటే తక్కువున్న గుర్రం) అయితే కోత పెద్దది, వందకొకటి రేటున్న గుర్రమైతే కోతే ఉండకపోవచ్చు.

టోట్‌లో ఈ గొడవ లేదు. ఆ గుర్రం మీద పడ్డ డబ్బు పూల్‌లోంచి తీసి వెనక్కిచ్చేస్తారు, మిగతాది యథావిధిగా భాగిస్తారు.

లత స్క్రాచింగ్ తర్వాత కాసింది, అప్పటికి రేటు 11కి దిగింది. పైగా ఆమె ఈచ్‌వే కాసింది. ఈచ్‌వే అంటే రెండు పందేలు: సగం గెలుపు మీద, సగం ప్లేస్ మీద. ఎనిమిది, అంతకంటే ఎక్కువ గుర్రాలుంటే మొదటి మూడు స్థానాలూ ప్లేస్ కిందికి వస్తాయి, ఐదు నుంచి ఏడు ఉంటే సాధారణంగా మొదటి రెండే. లత 5 డాలర్లు 11 రేటుకు గెలుపు మీద, 5 డాలర్లు 3.60 రేటుకు ప్లేస్ మీద పెట్టింది. 55 ప్లస్ 18, మొత్తం 73. నలుగురిలో అందరికంటే తక్కువ ఆమెకే వచ్చింది, నిజమే. కానీ అదే గుర్రం మూడోదిగా వచ్చి ఉంటే మిగతా ముగ్గురికీ సున్నా, లతకు 18. ఇందులో ఏది తెలివి అని అడిగితే నేను చెప్పలేను, కొన్నది వేరే సరుకు, అంతవరకే.

## 24 గుర్రాలతో ట్రైఫెక్టా ఎందుకంత కష్టం

కప్ రోజున నోరూరించేవి కాంబినేషన్ పందేలు. క్వినెల్లా అంటే మొదటి రెండు గుర్రాలు ఏ వరసలోనైనా, ఎగ్జాక్టా అంటే అదే వరసలో, ట్రైఫెక్టా అంటే మొదటి మూడూ వరసగా, ఫస్ట్ ఫోర్ పేరులోనే ఉంది. క్వాడీ అంటే నాలుగు వేర్వేరు రేసుల విజేతలు.

24 గుర్రాల్లో ట్రైఫెక్టాకు ఎన్ని వరసలు సాధ్యం? 24 ఇంటూ 23 ఇంటూ 22, అంటే 12,144. నాకు నచ్చిన నాలుగు గుర్రాల్ని ఎంచుకుని బాక్స్ కాస్తే, అంటే వాటిలో ఏ మూడు ఏ వరసలో వచ్చినా సరే అంటే, 24 వరసలు. వరసకు డాలరు చొప్పున 24 డాలర్లు కావాలి. నా దగ్గర 12 మాత్రమే ఉంటే ఫ్లెక్సీ అంటారు, 50 శాతం టికెట్. డివిడెండ్ (డాలరు వరసకు చెల్లించే మొత్తం) 3,000 ప్రకటిస్తే నాకు 1,500. చాలామంది 3,000 వస్తుందనుకుని పార్టీ అనౌన్స్ చేసేస్తారు పాపం.

ఈ పందేల్లో టోట్ కోత కూడా పెద్దది. విన్ పూల్‌లో 15 శాతం దగ్గర్లో ఉంటే ఇక్కడ 20, అంతకు మించి కూడా. అలాగని ఇవి పూర్తిగా వ్యర్థమని అందరూ ఒప్పుకోరు. ఏడాదికోసారి కాసేవాళ్ళు తమ పుట్టినరోజు నంబర్లు, బామ్మ పేరున్న గుర్రాలు పెడతారు కాబట్టి ఆ పూల్‌లో మతిలేని డబ్బు ఎక్కువ, నేర్చినవాడికి అదే మంచి చోటు అని ఒక వాదన ఉంది. కోత దాటి లాభం రావాలంటే ఆ మతిలేని డబ్బు ఎంత ఉండాలన్నదే ప్రశ్న.

## బరువు వేసి సమానం చెయ్యడం

కప్ హ్యాండిక్యాప్ రేసు. మంచి గుర్రానికి ఎక్కువ బరువు, బలహీనమైనదానికి తక్కువ బరువు వేసి అన్నీ కలిసి గీత దాటేలా చెయ్యాలన్నది హ్యాండిక్యాపర్ ప్రయత్నం. కాక్స్ ప్లేట్ అలా కాదు, అక్కడ వయసును, ఆడా మగా తేడాను బట్టి మాత్రమే బరువు మారుతుంది, అందుకే నిజంగా గొప్ప గుర్రం అక్కడ గొప్పగానే కనిపిస్తుంది. వింక్స్ 2015 నుంచి 2018 దాకా వరసగా నాలుగుసార్లు కాక్స్ ప్లేట్ గెలిచింది, మొత్తం 33 వరస విజయాలతో రిటైరైంది.

హ్యాండిక్యాప్‌లో బరువు ఏం చెయ్యగలదో చెప్పడానికి ఫార్ లాప్‌ను మించిన ఉదాహరణ లేదు. 1930లో 62 కిలోలకు పైగా మోస్తూ కప్ గెలిచింది. పాత బ్రిటిష్ పద్ధతిలో రేటు 8కి 11, అంటే పౌను కాస్తే పైన ముప్పాతిక పౌను లాభం కూడా రాదు. కప్ చరిత్రలో అంత తక్కువ రేటున్న ఫేవరెట్ ఇంకోటి లేదు. మరుసటి ఏడాది దాని మీద 68 కిలోలు వేశారు, ఎనిమిదో స్థానంలో వచ్చింది. అదే గుర్రం, అదే కోర్సు.

దీని ఇంకో వైపు 2015. ప్రిన్స్ ఆఫ్ పెంజన్స్ మీద రేటు వందకొకటి, అంటే ఆస్ట్రేలియా లెక్కలో 101 డాలర్లు. గెలిచింది. ఎక్కింది మిషెల్ పేన్, కప్ గెలిచిన మొదటి మహిళా జాకీ. 1936లో వోటన్, 1940లో ఓల్డ్ రౌలీ కూడా వందకొకటి రేటుతోనే గెలిచాయి. ఇలాంటివి గుర్తుండిపోతాయి, వందకొకటి రేటుతో పరిగెత్తి ఎక్కడో చివర తేలిన వందలాది గుర్రాలు ఎవరికీ గుర్తుండవు. 1949లోనే రిచర్డ్ గ్రిఫిత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికా రేసుల లెక్కలు తీసి ఇదే చూపించాడు: జనం అవుట్‌సైడర్ల (గెలుస్తాయని ఎవరూ పెద్దగా ఆశించని గుర్రాల) మీద వాటి నిజమైన అవకాశానికి మించి కాస్తారు, ఫేవరెట్ల మీద తక్కువ కాస్తారు. తర్వాత చాలా దేశాల్లో చాలామందికి ఇదే కనిపించింది, ఎందుకన్న దాని మీద మాత్రం ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. చిన్న అవకాశాన్ని పెద్దగా ఊహించుకునే మనిషి బలహీనత అని కొందరంటారు. లేదు, తక్కువ డబ్బుతో పెద్ద కల కొనుక్కోవడం కూడా ఒక లెక్కే అని ఇంకొందరు. లోపలి సమాచారం ఉన్నవాళ్ళు కాస్తారన్న భయంతో బుకీలే అవుట్‌సైడర్ల రేటు తగ్గిస్తారని మూడో వాదన.

వీటితోపాటు నేల పరిస్థితి కూడా చూడాలి. ఆస్ట్రేలియాలో ట్రాక్‌కు 1 నుంచి 10 దాకా అంకె ఇస్తారు, 1, 2 గట్టి నేల, 3, 4 మంచిది, 5 నుంచి 7 మెత్తన, 8 నుంచి 10 బురద. వసంతంలో మెల్‌బోర్న్ వాన సంగతి తెలిసిందే, పొద్దున 4 ఉన్నది మధ్యాహ్నానికి 6 కావచ్చు, దాంతో రేట్లన్నీ తిరగబడతాయి.

## గెలిచేది ఎవరో తెలిస్తే సరిపోతుందా

సరిపోదు, అక్కడే చాలామంది ఆగిపోతారు. ఆస్ట్రేలియా రేసుల్లో ఫేవరెట్లు సుమారు మూడింట ఒకసారి గెలుస్తాయి. ఇది వినగానే ఫేవరెట్ల మీదే కాస్తే పోలా అనిపిస్తుంది. కానీ వాటి రేట్లలో ఆ సంగతి ముందే ఇమిడిపోయి ఉంటుంది.

6 డాలర్ల రేటున్న గుర్రం తీసుకోండి. ఆ రేటు ప్రకారం దాని అవకాశం 16.7 శాతం. మన లెక్కలో నిజమైన అవకాశం 20 శాతం అయితే, అలాంటివి వంద పందేలు పదేసి డాలర్లు కాస్తే 1,000 పోతాయి, 20 సార్లు గెలిస్తే 1,200 వస్తాయి. నిజమైన అవకాశం 12 శాతమే అయితే వచ్చేది 720. రెండు సందర్భాల్లోనూ గుర్రం ఎక్కువసార్లు ఓడిపోతుంది, ఒకదాంట్లో లాభం, ఇంకోదాంట్లో నష్టం. ప్రొఫెషనల్ పందెగాళ్ళు వాల్యూ అనేది దీన్నే. చిక్కల్లా ఆ 20 శాతమో 12 శాతమో ముందు ఎవరికి తెలుసు? ఒక్క రేసు ఫలితం చూసి చెప్పలేం, వందల పందేల తర్వాత గానీ తెలియదు, అప్పటికి డబ్బు మిగిలి ఉండాలి.

కార్నివాల్‌లో ఈ లెక్క సులువవుతుందా కష్టమవుతుందా అన్న దాని మీద కూడా రెండు మాటలున్నాయి. జనం పేరు చూసి, రంగు చూసి, పెద్ద జాకీని చూసి కాస్తారు కాబట్టి ధరలు వంకరపోతాయి, వాల్యూ దొరుకుతుంది అన్నది ఒకటి. ఆ వంకర సరిచెయ్యడానికే ప్రొఫెషనల్ డబ్బు కూడా ఆ రోజే భారీగా వస్తుంది, పైగా విదేశీ గుర్రాల ఫామ్‌ను స్థానిక ఫామ్‌తో పోల్చడం ఎవరి తరమూ కాదు అన్నది రెండోది. నాకు రెండోదే కాస్త బలంగా అనిపిస్తుంది, కానీ టోట్ పూల్స్ వరకు మొదటిదానిలోనూ నిజం ఉంది.

## నిజంగా గెలిచేవాడికి ఏమవుతుంది

బాగా గెలుస్తున్న ఖాతాను బుక్‌మేకర్లు కట్టడి చేస్తారు. వంద డాలర్లు కాయబోతే రెండు డాలర్లే తీసుకుంటాం అంటారు. పందెగాళ్ళ వాదన: ఓడిపోయేవాడిని ఎంతైనా కాయనిచ్చి గెలిచేవాడిని బయటికి నెట్టడం న్యాయమా? బుక్‌మేకర్ల వాదన: మేమూ వ్యాపారమే చేస్తున్నాం, నష్టం తప్పదని తెలిసి సరుకు అమ్మమని ఎవరూ చెప్పలేరు. న్యూ సౌత్ వేల్స్‌లో 2014లో, తర్వాత మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో కూడా మధ్యేమార్గంగా కనీస పందెం నిబంధన పెట్టారు. గుర్రప్పందేల్లో బుక్‌మేకర్ ఒక నిర్ణీత మొత్తం చెల్లించాల్సి వచ్చే పందెం దాకా కాదనకూడదు. టోట్‌కు ఈ బాధ లేదు, ఎవరు గెలిచినా దాని వాటా దానికొస్తుంది.

ప్రభుత్వానికీ ఇందులో వాటా ఉంది. మామూలు పందెగాడి గెలుపు మీద ఆస్ట్రేలియాలో ఆదాయపు పన్ను లేదు. కానీ కంపెనీల ఆదాయం మీద రాష్ట్రాలు పన్ను వేస్తాయి, దక్షిణ ఆస్ట్రేలియా 2017లో 15 శాతంతో మొదలుపెట్టింది, విక్టోరియా 2024 జూలై నుంచి 10ని 15 శాతం చేసింది. ఈ భారం చివరికి రేట్లు తగ్గడం రూపంలో పందెగాడి మీదే పడుతుందని కంపెనీలంటాయి. రేసుల ప్రైజ్ మనీ, గుర్రాల సంరక్షణ, ట్రాకుల ఖర్చు అంతా పందెం డబ్బు మీదే నడుస్తోంది కాబట్టి అది తప్పదని అవతలి మాట.

పాత రోజుల్లో రేస్‌కోర్సు బయట కాయడం నేరం. అయినా పబ్బుల్లో, మంగలి షాపుల్లో దొంగచాటు బుకీలు జోరుగా నడిచేవాళ్ళు. దాన్ని ఆపలేక, 1961లో విక్టోరియా ప్రభుత్వమే టీఏబీ పేరుతో చట్టబద్ధమైన టోట్ కౌంటర్లు తెరిచింది. ఇప్పుడు ఆ కౌంటర్ ప్రతి జేబులో ఉంది. వాదన కూడా అక్కడి నుంచే ముదిరింది. తలసరి జూదం నష్టాల్లో ప్రపంచంలో ఆస్ట్రేలియాదే మొదటి స్థానమని లెక్కలు చెబుతుంటాయి. 2023లో ఎంపీ పీటా మర్ఫీ అధ్యక్షతన పార్లమెంటరీ కమిటీ 31 సిఫార్సులిచ్చింది, ఆన్‌లైన్ జూదం ప్రకటనల్ని మూడేళ్ళలో దశలవారీగా పూర్తిగా ఆపాలన్నది అందులో ముఖ్యమైనది. రేసుల పరిశ్రమ, టీవీ సంస్థలు ఆదాయం పోతుందని అడ్డుచెప్పాయి. అదే ఏడాది ఆగస్టులో బెట్‌స్టాప్ వచ్చింది, ఒకసారి పేరు నమోదు చేసుకుంటే లైసెన్సున్న ఆన్‌లైన్, ఫోన్ పందెం కంపెనీలన్నీ ఆ మనిషి ఖాతాలు మూసెయ్యాలి. 2024 జూన్ నుంచి ఆన్‌లైన్ పందేలకు క్రెడిట్ కార్డు వాడకాన్ని నిషేధించారు.

గుర్రాల గొడవ ఇంకోటి. 2020 కప్‌లో ఆంథనీ వాన్ డైక్ అనే గుర్రం కాలు విరిగి చనిపోయింది, అంతకుముందు 2018లో క్లిఫ్స్ ఆఫ్ మోహర్ భుజం విరిగి. 2021 నుంచి విదేశీ గుర్రాలకు కాళ్ళ స్కాన్లు తప్పనిసరి చేశారు. 2024లో యాన్ బ్రూగల్ అనే ఐరిష్ గుర్రాన్ని స్కాన్ చూసి పశువైద్యులు తప్పించారు. గుర్రం బాగానే ఉందని దాని ట్రైనర్ ఏడన్ ఓబ్రయన్ తీవ్రంగా మండిపడ్డాడు. ప్రమాదాలు తగ్గుతున్నాయి కాబట్టి నిబంధన సరైందేనని రేసు నిర్వాహకులు, మంచి గుర్రాలు రావడం మానేస్తాయని ట్రైనర్లు.

## ఇక రవి 150 సంగతి

ఈ స్కాన్ల గొడవకూ రవి టికెట్‌కూ సంబంధం ఉంది. రవి సెప్టెంబర్‌లోనే ఆల్ ఇన్ మార్కెట్‌లో 15 డాలర్ల రేటుకు కాశాడు. ఏ గుర్రాలు పరిగెత్తుతాయో, ఎంత బరువు మోస్తాయో, ఏ గేటు నుంచి బయల్దేరతాయో తెలియకముందే కాసే పందెం అది. అందుకే రేటు ఎక్కువ. తర్వాత స్క్రాచింగులు జరిగినా కోత ఉండదు, ఇమ్రాన్‌కు పడ్డ కత్తెర రవికి పడలేదు. కానీ కాసిన గుర్రం అసలు రేసుకే రాకపోతే డబ్బు వెనక్కి రాదు.

అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ రేటుకు పట్టాడని ఆ సాయంత్రం స్నేహితులు రవిని ఆకాశానికెత్తారు. స్టీవార్డులు (రేసు పర్యవేక్షించే అధికారులు) కరెక్ట్ వెయిట్ ప్రకటించేదాకా, అంటే రేసు తర్వాత జాకీల బరువు సరిచూసి ఫలితం ఖరారయ్యేదాకా, ఎవరి డబ్బూ పడదు కాబట్టి ఆ కొద్ది నిమిషాలూ అందరి ఫోన్లూ బల్ల మీదే ఉన్నాయి. రవి యాప్‌లో కిందికి జరిపితే సెప్టెంబర్‌లోనే కాసిన ఇంకో రెండు పది డాలర్ల టికెట్లు కనిపించాయి. ఒక గుర్రం కాలు నొప్పితో అక్టోబర్‌లో తప్పుకుంది, ఇంకోదానికి ఆ 24లో చోటు దొరకలేదు. అంటే 150 వచ్చింది పదికి కాదు, ముప్పైకి.